నా చార్టుల్లో బేసి సంఖ్యలు లేవు

ముప్పై మూడేళ్లు నర్సుగా పనిచేశాను. మొదట కర్నూలులో, తర్వాత కడపలో. పోయిన వేసవిలో మానేశాను. కడప ఆసుపత్రిలో వీడ్కోలు సభ పెట్టారు. ఒక డాక్టరు మాట్లాడుతూ, "మద్దిలేటి గారు రాసిన చార్టులో ఒక్క కొట్టివేత కూడా కనపడదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. శాలువా కప్పారు. ఎండ మండుతున్న రోజు కాబట్టి దాన్ని వెంటనే తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

డాక్టరు చెప్పింది నిజమే. కొట్టివేతలు లేకపోవడానికి కారణం మాత్రం ఆయన అనుకున్నది కాదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఆ కారణం చెప్పాలి. దానివల్ల ఒక మనిషి నా తప్పును తన పేరు మీద మోసింది. అది కూడా చెప్పాలి. ప్రమోషన్ల సంగతి, సర్టిఫికెట్ల సంగతి రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

మేము మంచివాళ్లమేం కాదు

నేను చేరిన రోజుల్లో మగ నర్సును ఏమని పిలవాలో జనానికి తెలియదు. కాంపౌండరు అనేవాళ్లు. ఇంకొందరు డాక్టరు అనుకుని లేచి నిలబడేవాళ్లు. కాదని తెలిశాక కూర్చునేవాళ్లు. నా పెళ్లి సంబంధాలప్పుడు మా నాన్న, "ఆసుపత్రిలో ఉద్యోగం" అని చెప్పి అక్కడితో ఆపేసేవాడు. ఇప్పుడు నర్సింగ్ క్లాసులో సగం దాకా మగపిల్లలే ఉంటున్నారు. అందరూ బ్రదర్ అని పిలుస్తున్నారు. బాగుంది.

అప్పుడు గాజు సిరంజీలు ఉండేవి. పొద్దున్నే వాటిని ఉడకబెట్టేవాళ్లం. మొద్దుబారిన సూదిని రాయి మీద సానపట్టి మళ్లీ వాడేవాళ్లం. రబ్బరు గ్లౌజులను కడిగి, పౌడరు చల్లి, తీగ మీద ఆరేసేవాళ్లం. వార్డులోకి కొత్తగా వచ్చిన పేషెంటు ఆ తీగకు వేలాడుతున్న చేతులను చూసి భయపడేవాడు. ఇప్పుడు అన్నీ ఒక్కసారి వాడి పారేస్తారు. నాడి, రక్తపోటు తెర మీద కనపడతాయి. డాక్టరు వస్తే నర్సు గోడకు అతుక్కుని నిలబడాల్సిన పని లేదు. అనుమానం ఉంటే నేరుగా ఫోను చేసి అడగవచ్చు. ఇవన్నీ మంచి మార్పులే.

పాతకాలం నర్సులకు దయ ఎక్కువని, ఇప్పటి వాళ్లకు యంత్రాలే లోకమని సభల్లో చెబుతుంటారు. ఆ మాట నమ్మవద్దు. అప్పుడు అబద్ధం చేత్తో రాసేవాళ్లం, ఇప్పుడు కంప్యూటరులో ఎక్కిస్తున్నారు. కడపలో ఒక అమ్మాయి, పది గంటలకు యంత్రం కొలిచిన రక్తపోటు తెర మీద అలాగే నిలిచి ఉంటే, పదకొండుకూ పన్నెండుకూ దాన్నే ఎక్కించింది. ఆ యంత్రం పది తర్వాత మళ్లీ కొలవనే లేదు. నేను ఆ వార్డు ఇన్‌ఛార్జిని. పిలిచి కోప్పడాలి. పిలిచాను గాని కోప్పడలేకపోయాను. చివరికి, "పేషెంటు చెయ్యి పట్టుకుని చూడమ్మా" అని మాత్రం చెప్పి పంపేశాను. సార్ శానా నెమ్మదస్తుడని ఆ అమ్మాయి బయట చెప్పిందట.

కూర్చుని నింపడం

కర్నూలులో నేను చేరింది ఒక ట్రస్టు ఆసుపత్రి. పేరు రాయను. ఇప్పుడు అది లేదు. మగవాళ్ల వార్డులో ముప్పై ఆరు మంచాలు, మూడు థర్మామీటర్లు. నాలుగు గంటలకొకసారి ప్రతి మనిషికీ జ్వరం, నాడి, రక్తపోటు చూసి మంచానికి వేలాడే చార్టులో రాయాలి. సరిగ్గా చేస్తే గంటన్నర పడుతుంది. ఇంజెక్షన్లు, కట్లు, సెలైన్లు కూడా ఆ గంటన్నరలోనే. అందుకని వార్డులో ఒక పద్ధతి ఉండేది. చార్టులన్నీ బల్ల మీదికి తెచ్చుకుని, కూర్చుని నింపడం. నాకంటే ముందు చేరినవాళ్లు నాకు నేర్పారు. నా తర్వాత వచ్చినవాళ్లకు నేను నేర్పాను.

అందులో కొంత నైపుణ్యం ఉంది. అందరికీ ఒకే అంకె వేయకూడదు. నిన్న ఆపరేషను అయినవాడికి కొంచెం జ్వరం ఇవ్వాలి. ముసలివాళ్లకు రక్తపోటు కాస్త పెంచాలి. నాడి డెబ్బై ఎనిమిది, ఎనభై, ఎనభై రెండు. ఎప్పుడూ సరి సంఖ్యే. ఎందుకంటే నాడిని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం అందరికీ అలవాటు. అలా చేస్తే బేసి సంఖ్య రాదు. అసలు లెక్కపెట్టనివాడు కూడా సరి సంఖ్య వేస్తే లెక్కపెట్టినట్టే కనపడుతుంది.

వార్డు మొత్తంలో బేసి సంఖ్యలు రాసేది ఒక్క రూతమ్మ సిస్టరే. ఆమె మా ఇన్‌ఛార్జి. ఓర్వకల్లు పక్క పల్లెలో చర్చి వీధి మనిషి. అప్పటికి నలభై ఐదేళ్లుంటాయి. గడియారాన్ని జేబు దగ్గర పిన్నుతో తగిలించుకునేది. చెయ్యి పట్టుకుంటే నిమిషం నిండే వరకు వదిలేది కాదు. ఆమె రాసిన వరసలో డెబ్బై మూడు, ఎనభై తొమ్మిది, అరవై ఏడు ఉండేవి. మాకు అది చిందరవందరగా కనపడేది.

ఒకసారి నాతో పనిచేసే అతను అడిగాడు. "సిస్టర్, ఆ డెబ్బై మూడును డెబ్బై నాలుగు చేస్తే ఆయప్పకు ఏం నష్టం?"

"ఆయప్ప గుండె డెబ్బై మూడే కొట్టుకుంటాండాది. నీకోసరం ఇంకొకటి కొట్టుకోమని చెప్పమంటావా?" అంది సిస్టర్.

మేము నవ్వాము. ఆమె నవ్వలేదు.

పదకొండో నంబరు మంచం

కోసిగి దగ్గర ఒక పల్లె నుంచి కూలికి వచ్చిన మొగుడూ పెళ్లాలు, ఉరుకుందు, ఈరమ్మ. ఇద్దరికీ పాతికేళ్లు దాటి ఉండవు, చంటిబిడ్డను ఊర్లో వదిలి వచ్చారు. ఉల్లిగడ్డల మూట ఎత్తుతూ అతను లారీ మీది నుంచి పడ్డాడు. ఎడమ వైపు పక్కటెముకలకు దెబ్బ తగిలింది. మరుసటి రోజు పొద్దున మా దగ్గరికి తెచ్చారు. సర్జన్ చూసి, ఒక రోజు కనిపెట్టి ఉండమన్నాడు.

చదువుకున్నవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను. ఆ పక్కటెముకల కింద ప్లీహం, అదే స్ప్లీన్, ఉంటుంది. అది చిట్లితే మొదట కొద్దికొద్దిగా కారి తర్వాత ఒక్కసారిగా తెగవచ్చు. రక్తం బయటికి కనపడదు. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. ముందుగా చాలాసార్లు చెప్పేది నాడి ఒక్కటే. కనిపెట్టి ఉండడం అంటే నాడి చూస్తూ ఉండడమే.

మధ్యాహ్నం రెండు గంటల చార్టు నేను భోజనానికి ముందే కూర్చుని నింపాను. పదకొండో నంబరుది మాత్రం మంచం దగ్గర నిలబడి రాశాను, ఎందుకంటే ఈరమ్మ నన్నే చూస్తోంది. మంచం కాళ్ల వైపు నిలబడి నాడి ఎనభై రెండు అని వేశాను. చేతిలో పెన్ను ఉంది, అతని చెయ్యి ఒక్క అడుగు దూరంలోనే ఉంది. పట్టుకోలేదు. ఊరికే పోవడం బాగుండదని, "తిన్నావామ్మా?" అని ఈరమ్మను అడిగాను.

రెండుంబావుకు రూతమ్మ సిస్టర్ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. నిమిషం చూసింది. నా వైపు తిరిగింది.

"ఎంత రాస్తివప్పా?"

"ఎనభై రెండు సిస్టర్."

"ఎప్పుడు చూస్తివి?"

"ఇప్పుడే."

ఇంకో నిమిషం చూసింది. "నూట ఇరవై ఏడు ఉండాది. రాయి."

తర్వాత అతని పొట్ట మీద చెయ్యి వేసి మెల్లగా ఒత్తింది. అతను అరిచాడు. ఈరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఒత్తద్దమ్మా, తట్టుకోలేకుండాడు" అంది. రక్తం తలకు అందాలని సిస్టర్ అతని కాళ్ల వైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. ఇంకో చేతికి సెలైన్ పెట్టింది. "సార్ దగ్గరికి పోదాం, చార్టు పట్టుకోని రా" అని ముందు నడిచింది.

పెన్ను కాగితం మీద ఆనించాను. రెండు గంటలకు ఎనభై రెండు, రెండుంబావుకు నూట ఇరవై ఏడు. ఎవరైనా అడుగుతారు. డాక్టరు వచ్చి చూశాక రాద్దాం, అప్పుడు ఇబ్బంది ఉండదు అనుకున్నాను. గడి ఖాళీగా వదిలేసి చార్టు చంకలో పెట్టుకుని వెనకే పోయాను.

సర్జన్ ఓపీలో ఉన్నాడు. బయట వసారా నిండా జనం. సిస్టర్ చెప్పింది. ఆయన చార్టు అడిగి తీసుకున్నాడు.

"ఎనభై రెండుంది కదా సిస్టర్."

"చార్టు ఇడిసిపెట్టండి సార్. నేను చెయ్యి పట్టుకోని వస్తాండా. నూట ఇరవై ఏడు."

"మీ చెయ్యి నమ్మాలా, చార్టు నమ్మాలా?"

ఆమె చార్టు వైపు చూసింది. ఖాళీ గడిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడ గడియారం చూశాను. రెండూ ఇరవై రెండు అయింది. ఆ రోజు నేను సరిగ్గా చూసి చెప్పగలిగిన అంకె అదొక్కటే.

"ఓపీ కానివ్వండి, వస్తాను. అప్పటిదాకా చూస్తూ ఉండండి" అన్నాడు సర్జన్.

మూడు గంటలకు సిస్టర్ మళ్లీ పోయింది. అప్పటికి ఆయన ఇంకో కేసుకు థియేటరులోకి పోయాడు. లోపలికి కబురు పంపింది. నాలుగుంబావుకు ఆయన వచ్చి, పొట్ట చూసి, థియేటరుకు పరుగెత్తించాడు. ఉరుకుందు వరండాలోనే, స్ట్రెచరు మీదనే పోయాడు.

ఆ సర్జన్ ఇప్పుడు లేడు. బదులు చెప్పలేని మనిషి గురించి ఎక్కువ రాయకూడదు. ఒక్కటి మాత్రం రాయాలి. ఆయన చార్టును నమ్మాడు. ఆ చార్టు నాది.

గుర్తు లేదు

వారం తర్వాత ట్రస్టు సెక్రటరీ విచారణ పెట్టాడు. ఆయన బట్టల వ్యాపారి. పండగలకు రోగులకు పండ్లు పంచే మంచి మనిషి. ఆయన గదిలో నలుగురం, సర్జన్, సిస్టర్, నేను, ఈరమ్మ. ఈరమ్మను కూర్చోమంటే నేల మీద కూర్చుంది.

ఈరమ్మ తాను చూసిందే చెప్పింది. "మా ఆయన బాగనే మాట్లాడతాండె. ఆయమ్మ వచ్చి పొట్ట ఒత్తె. ఒత్తినంక అరిసె. ఆ తర్వాతనే అయిపోయినాడు." నా వైపు చెయ్యి చూపింది. "ఈయన్న మంచోడు. పక్కన నిలబడి రాసుకుంటాండె. తిన్నావా అని గూడా అడిగె."

తన దగ్గరికి వచ్చేటప్పటికి చార్టు మామూలుగానే ఉందని సర్జన్ చెప్పాడు. నాడి అంత ఉందని చెప్పినట్టు తనకు జ్ఞాపకం లేదన్నాడు.

"చెప్పినా సార్, రెండుసార్లు చెప్పినా" అంది సిస్టర్. "రాయమని గూడా చెప్పినా."

సెక్రటరీ నా వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉంటివంట కదప్పా. ఆమె చెప్పిందా?"

చెప్పింది అంటే గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాలి. అది చెబితే ఎనభై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

"నాకు గుర్తు లేదు సార్" అన్నాను.

సెక్రటరీ సిస్టరును అడిగాడు, ఈ అబ్బాయి మీద ఏమన్నా చెప్పాలా అని. "నేను చూసింది నేను చెప్పినా. ఆయప్ప చూసింది ఆయప్పను చెప్పమనండి" అంది. నేను చెయ్యి పట్టుకోలేదని ఆమె కళ్లతో చూడలేదు. చూడనిది ఆమె చార్టులోనే కాదు, ఎక్కడా రాయించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక సిస్టర్ రోగిని సరిగ్గా గమనించలేదని, డాక్టరు లేకుండా పొట్ట ఒత్తిందని తేల్చారు. కోసిగి వైపు ట్రస్టుకు ఒక చిన్న క్లినిక్కు ఉంటే అక్కడికి పంపారు. అది ఉరుకుందు వాళ్ల ఊరే. కావాలని చేసింది కాదు. అక్కడ ఖాళీ ఉంది, అంతే. ఏ ఊరో ఎవరూ సరిచూడలేదు. రూతమ్మ సిస్టర్ ఒక ఇనుప పెట్టెతో బస్సెక్కింది. క్లినిక్కు మూతపడేదాకా తొమ్మిదేళ్లు అక్కడే ఉంది.

ఆమె కుర్చీలో కొన్నేళ్లకు నన్ను కూర్చోబెట్టారు. చార్టులు శుభ్రంగా ఉంచుతానని.

కడపకు వచ్చాక నేను మారాను. నాడి నిమిషం నిండా చూడమని అందరి వెంటా పడేవాడిని. నా కింద పనిచేసినవాళ్లు వెనకాల నన్ను నిమిషం సార్ అనేవాళ్లు. అయితే నా సొంత చార్టులో బేసి సంఖ్య వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది. ఒకటి కలిపి రాసేవాణ్ని. ఆ అంకెలు ఆమెవి అనిపించేది.

ఓర్వకల్లు

వీడ్కోలు సభ అయిన వారానికి కడపలో నంద్యాల మీదుగా పోయే బస్సెక్కి ఓర్వకల్లులో దిగాను. అక్కడి నుంచి ఆటోలో వాళ్ల పల్లెకు పోయాను. ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి. చూపు బాగా తగ్గింది. గడపలో కూర్చుని చేత్తో తడుముతూ వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"ఎవరప్పా?"

"మద్దిలేటిని సిస్టర్."

"యా మద్దిలేటి?"

"పదకొండో నంబరు మంచం మద్దిలేటిని."

చేతులు ఆగాయి. "కూచో" అంది.

అంతా చెప్పాను. ముప్పై ఏళ్లు దాచింది చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యలో ఆమె ఒక్కసారే ఆపింది.

"అయితే నువ్వు చెయ్యే పట్టుకోలేదా?"

"లేదు సిస్టర్."

"నేను ఇన్నాళ్లూ నువ్వు లెక్క తప్పినావేమో అనుకుంటి."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని అడిగాను. ఆమె మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"నాకు చెప్పి ఏం జేస్తావప్పా? నేనేం జేసింటినో నాకు తెల్సు. ఆ ఊర్లో చెప్పు. నేను వీధిలోకి వస్తే తల్లులు పిల్లోళ్లను లోపలికి ఎత్తుకోని పోతాండ్రి. పొట్ట ఒత్తే సిస్టర్ వచ్చె అని. ఈరమ్మ బిడ్డకు జరం వస్తే నా గుమ్మం ముందర నుంచే అంత దూరం ఆదోనికి ఎత్తుకోని పాయె. బిడ్డ దక్కె. దక్కకపోయింటే?"

కోసిగి

రెండు రోజుల తర్వాత ఆ పల్లెకు పోయాను. ఈరమ్మ మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయి అప్పుడే తిరిగి వచ్చిందట. సంచులు ఇంకా విప్పలేదు. నన్ను చూసి చాలాసేపు ఆలోచించి, "తిన్నావా అని అడిగిన అన్నవు కదా" అంది. మంచం వాల్చింది. గ్లాసుతో నీళ్లిచ్చింది. సగం తాగి పక్కన పెట్టి చెప్పాను.

ఆమె నిలబడే వింది.

"అయితే ఆయమ్మ యాల ఒత్తె?"

"లోపల రక్తం కారుతాండాదేమో అని చూసింది. కారుతానే ఉండె."

"నువ్వు రాసింది ఏంది?"

"ఊరికే ఊహించి రాసింటి."

"నా మొగుని నాడి ఊహించి రాస్తివా?"

"రాస్తి."

ఆమె నా పక్కనున్న గ్లాసు తీసుకుని, మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోసి, దాన్ని గూట్లో బోర్లించింది.

"ఆయమ్మ బతికుండాదా?"

"ఉండాది."

"యాడ?"

చెప్పాను. ఆమె తల దువ్వుకుని, ఇంటికి తాళం వేసింది. "బస్సు ఎన్నింటికి?" అంది.

బస్సు ఎమ్మిగనూరు దాటేదాకా ఆమె కిటికీ వైపే చూసింది. దాటాక, కిటికీ వైపు చూస్తూనే అడిగింది. "నువ్వు చెయ్యి పట్టుకోని చూసింటే బతికేటోడా?"

"ఖచ్చితంగా చెప్పలేనమ్మా."

"తిప్పి తిప్పి చెప్పద్దు."

"బతికేటోడేమో. రెండింటికే ఆపరేషనుకు తీసుకుపోయింటే శానామంది బతుకుతారు."

ఆమె తల ఊపింది. కర్నూలులో బస్సు మారాము. ఆమె టిక్కెట్టు ఆమే తీసుకుంది. వేరే సీట్లో కూర్చుంది.

రూతమ్మ సిస్టర్ గడపలోనే ఉంది. అడుగుల చప్పుడు విని, "ఎవరు?" అంది.

"ఈరమ్మనమ్మా. ఉరుకుందు పెండ్లాన్ని. ఈయన అంతా చెప్పె."

ఈరమ్మ వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. సిస్టర్ మధ్యలోనే ఆమె చెయ్యి అందుకుంది. లేపడానికి అనుకున్నాను. కాదు. వేళ్లు మణికట్టు మీదికి జరిగి, బొటనవేలి పక్కన ఆగాయి.

"మద్దిలేటీ, నాకు గడియారం ముల్లు కనపడదు. నిమిషం నిండినాక చెప్పు" అంది.

నేను గడియారం చూశాను. అర నిమిషం అయింది. ఈరమ్మ ఏడుస్తోంది, చెయ్యి మాత్రం కదల్చలేదు. నేను ముల్లు మీది నుంచి కళ్లు తీయలేదు.

"అయింది సిస్టర్."

"తొంభై ఒకటి" అంది ఆమె. "శానా దూరం నుంచి వచ్చింది కదా. ఆమెకు నీళ్లియ్యప్పా."

లేచి కుండ దగ్గరికి పోయాను.